పదిహేనున్నర కాలర్

కాలర్ కుట్టడంలో నన్ను మించినవాళ్ళు ఈ వీధిలోనే కాదు, చుట్టుపక్కల నాలుగు వీధుల్లో లేరు. గొప్పలు పోతున్నానని అనుకుంటే అనుకోండి, నాకేం బాధ లేదు. ఇరవై ఆరేళ్ళుగా చొక్కాలు కుడుతున్నాను. నా అసలు పేరు మా అక్కకీ, కరెంటు బిల్లు ఇచ్చేవాడికీ తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరికీ నేను కాలరమ్మని. అలాంటి నా దుకాణంలోకి ఒక రోజు పొద్దున్నే ఒకావిడ వచ్చి, చేతిసంచీలోంచి పన్నెండు చొక్కాలు తీసి నా కత్తిరింపు బల్ల మీద కుమ్మరించింది.

"ఇవేనా మీ కాలర్లు?" అంది.

నేను ఒక చొక్కా తీసి చూశాను. తర్వాత ఇంకోటి. పన్నెండింటిదీ ఒకటే రోగం. కాలర్ చిన్నది, మెడ పెద్దది. చాలని కాలర్‌ని ఎలాగోలా అతికించాలని మెడ చుట్టూ బట్టని కుచ్చులు కుచ్చులుగా లాగి కుట్టారు. ఆ పై గుండీ పెట్టుకున్నవాడికి నాలిక బయటికి రావడం ఖాయం.

"ఈ ఘనకార్యం ఎవరిదండీ?" అన్నాను.

"మీదే. మీ పుస్తకం చూసి మా పిల్లలు కుట్టారు."

ఆవిడ కుట్టు శిక్షణ కేంద్రం నడిపే మేడం. సూదిలో దారం ఎక్కించడం రాదు కానీ, అజమాయిషీ మాత్రం గట్టిది. నేర్పే మాస్టారు చెప్పాపెట్టకుండా మానేస్తే, కొత్తవాడు దొరికేదాకా పుస్తకంతో నెట్టుకొద్దామని ఆన్‌లైన్లో పెద్ద దుకాణంలో ఒక ఈ-బుక్ కొంది. బొమ్మల పేజీలు ప్రింటు తీసి పిల్లలకి పంచింది. ఫోన్ తెరిచి నాకు అట్ట చూపించింది. అట్ట మీద గడ్డం, కళ్ళజోడు ఉన్న ఒక పెద్దమనిషి ఫోటో, కింద 'ప్రొఫెసర్' అని ఏదో పేరు.

"ఇది నేను కాదు కదమ్మా. నాకు గడ్డం ఎక్కడుంది?"

"లోపల చూడండి."

లోపల ప్రతి పేజీ నాదే. నేను గీసిన బొమ్మలు, నేను రాసిన మాటలు, మా బావ చేత మూడుసార్లు దిద్దించిన కొలతల పట్టికలు. ఆఖరికి పట్టిక కింద 'సందేహం ఉంటే అడగండి' అన్న చోట నా దుకాణం ఫోన్ నంబరు కూడా అలాగే ఉంది. ఆ మహానుభావుడు పేరు మార్చుకున్నాడు కానీ, నంబరు మార్చే తీరిక దొరకలేదు. కూర్చుని తినేది వాడు, తిట్లు తినేది నేను. నాలుగు వారాలుగా ఎవరెవరో ఫోన్ చేసి "కాలర్ పట్టడం లేదండీ" అని ఎందుకు అంటున్నారో అప్పుడు అర్థమైంది. నేనేమో రాంగ్ నంబరని పెట్టేస్తూ వచ్చాను.

అరికాలి మంట నెత్తికెక్కింది. షట్టరు దించి తిన్నగా మా బావ ప్రింటింగ్ ప్రెస్సుకి వెళ్ళాను.

ఆ పుస్తకం పుట్టడానికి కారణం మా అక్క మొగుడే. మూడేళ్ళ క్రితం "మరదలా, నీ చేతిలో ఉన్నది నీతోనే పోతుందా? రాసి పెట్టు, నేను వేస్తాను" అన్నాడు. మామూలు కాగితం కంటే రెండు వేళ్ళు పెద్ద సైజులో వేశాడు. ఎందుకంటే కాలర్, కఫ్, జేబు లాంటి చిన్న ముక్కలన్నీ నేను నిజం సైజులోనే గీశాను. పలచని కాగితం పైన పరిచి గీసుకుంటే చాలు, లెక్కలు రానివాళ్ళు కూడా కత్తిరించవచ్చు. నిరుడు దాన్నే ఈ-బుక్ చేసి ఒక చిన్న ఆన్‌లైన్ దుకాణంలో పెట్టాడు. ఈ మధ్యే పెద్ద దుకాణంలో కూడా పెట్టాడు.

బావ నా మాటంతా విని నవ్వాడు. "శుభవార్తే కదా మరదలా! పనికిమాలిన పుస్తకాన్ని ఎవడైనా దొంగిలిస్తాడా?"

"మీ జోకులు అక్క దగ్గర పెట్టుకోండి బావగారూ. ముందు వాడి సంగతి చూడండి."

చూశాడు. ఆ ప్రొఫెసర్ పేరు మీద పెద్ద దుకాణంలో ఎనభై పుస్తకాలు ఉన్నాయి. తోట పని ఒకటి, తేనెటీగల పెంపకం ఒకటి, చెవి పోటుకి వైద్యం ఒకటి. అన్నీ తెలిసిన మహాజ్ఞాని. మా పుస్తకాన్ని చిన్న దుకాణంలో ఒక్క కాపీ కొని, అట్ట మార్చి, మాకంటే ముందే పెద్ద దుకాణంలో పెట్టేశాడు. బావ ఫిర్యాదు పంపాడు. మూడో రోజు జవాబు వచ్చింది: 'ప్రొఫెసర్ గారి పుస్తకం ముందుగా ప్రచురితమైనది. మీ పుస్తకం దానికి నకలుగా కనిపిస్తున్నందున మీ పుస్తకాన్ని నిలిపివేశాము.'

దొంగే దొంగా దొంగా అని అరిచాడంటే అర్థముంది. ఇక్కడ వాడు నోరు కూడా మెదపలేదు, వాడి తరఫున దుకాణమే అరిచింది! ఫోన్ చేస్తే ఒక తీయని గొంతు 'మీ సమస్య మాకెంతో ముఖ్యం' అని పదకొండు సార్లు చెప్పి లైను కట్ చేసింది.

ఈ గోలలో మేడం మళ్ళీ వచ్చింది. ఆవిడ అరవలేదు, అదే నాకు మరింత గుచ్చుకుంది.

"చూడండి, ఎవరిది అసలో ఎవరిది నకలో నాకెలా తెలుస్తుంది? ఆయనకి ఫోటో ఉంది, ముందు పెట్టిన తారీకు ఉంది. మీరేమో నాదే నాదే అంటున్నారు. నెల తిరిగేసరికి ముప్పైమంది కొత్త పిల్లలు చేరతారు. ఈలోగా తేలితే మీ పుస్తకం పెట్టుకుంటాను. తేలకపోతే ఆ కాలర్ మీదే అనుకోవాల్సి వస్తుంది. ఎవరైనా అడిగితే అదే చెప్తాను."

అదీ సంగతి. ఈవిడ కేంద్రంలో నేర్చుకున్న పిల్లలే రేపు ఊరంతా దుకాణాలు పెడతారు. కాలరమ్మ అంటే గొంతు బిగించే కాలర్ కుట్టే మనిషి అని ముప్పై నోళ్ళ మీదుగా పాకితే, ఆ పేరుతో నేను బతకలేను. పేరు తప్ప నాకింకేముంది గనుక?

"నాకు ఈ నెల చాలు మేడం" అన్నాను.

ఆ మధ్యాహ్నమే ప్రొఫెసర్ పుస్తకం కింద కొన్నవాళ్ళు అభిప్రాయాలు రాసే చోట నేనూ రాశాను. బావ టైపు చేశాడు, నేను చెప్పాను. 'ఈ పుస్తకం చూసి కాలర్ కుట్టి బట్ట పాడుచేసుకున్న అక్కచెల్లెళ్ళకీ అన్నదమ్ములకీ మనవి. ఈ ప్రొఫెసర్ దొంగ. నా పుస్తకాన్ని దొంగిలించేటప్పుడు నా బొమ్మల్ని కుదించేశాడు. నా అసలు పుస్తకంలో పదిహేనున్నర కాలర్ అంటే పదిహేనున్నర అంగుళాలే. మీ కాలర్ పక్కన టేపు పెట్టి ఫోటో తీయండి. దుకాణానికి పంపండి, నాకూ పంపండి. ఆ చొక్కా నా దగ్గరికి తెస్తే ఊరికే సరిచేసిస్తాను.'

"వాడు కుదించాడని ఎలా తెలుసు?" అన్నాడు బావ. "ఒక కాపీ కొని చూద్దామా?"

"నా సొమ్ము నేనే దొంగ దగ్గర కొనుక్కోవాలా? నా కంఠంలో ప్రాణం ఉండగా జరగదు. పన్నెండు చొక్కాలు కళ్ళారా చూశాను, ఇంకేం చూడాలి?"

బావ మాట్లాడకుండా టైపు చేశాడు. మా బావలో నాకు నచ్చే గుణం అదే.

ఫోటోలు రావడం మొదలైంది. బల్ల మీద పరిచిన కాలర్లు, పక్కన టేపులు. పదిహేనున్నర ఉండాల్సినవన్నీ పద్నాలుగే. ఒకాయన తన మెడకి కాలర్ పెట్టుకుని కళ్ళు తేలేసిన ఫోటో పంపాడు, మా అక్క అది చూసి పడీ పడీ నవ్వింది. నలభై మూడు మంది రాశారు, నలభై మూడు మందీ పెద్ద దుకాణానికి ఫిర్యాదు పెట్టారు. నేను తొమ్మిది చొక్కాలు విప్పి కొత్త కాలర్లు వేసిచ్చాను. పనిచేస్తుంటే ఒళ్ళు తేలికగా ఉండేది. ఎవరితో పోట్లాడుతున్నానో, ఎందుకు పోట్లాడుతున్నానో స్పష్టంగా తెలిసిన రోజులవి.

మూడో వారంలో ప్రొఫెసర్ పుస్తకం మాయమైంది. బావ ఫోన్ చేసి "మరదలా, కొట్టేశావ్!" అని అరిచాడు. అక్క కూడా వెనకనుంచి ఏదో అరిచింది.

ఆ సంబరం ఒక్కరోజే. మర్నాడు పెద్ద దుకాణం నుంచి ఉత్తరం వచ్చింది. ప్రొఫెసర్ పుస్తకాన్ని తీసేసింది దొంగతనానికి కాదట. నాణ్యతా లోపానికట. కొన్నవాళ్ళ సొమ్ము తిరిగి ఇవ్వాల్సి వచ్చింది కాబట్టి తీసేశారు. అంతటితో ఆగినా బాగుండేది. నా పుస్తకంలో ఉన్నదీ అదే విషయం కనుక నాదీ లోపమున్న పుస్తకమేనట! మళ్ళీ అమ్మకానికి పెట్టాలంటే శుక్రవారంలోగా ఒక ఫారం నింపాలి. అందులో ఒక గడి ఉంది. 'నా పుస్తకంలోని తప్పును నేను సరిదిద్దాను' అన్న వాక్యం పక్కన. ఆ గడిలో టిక్కు పెట్టి, సరిదిద్దిన తప్పేమిటో కింద రాయాలి.

"పెట్టేద్దాం" అన్నాడు బావ. "చిన్న గడి, చిన్న గీత. ఎవడు చూస్తాడు?"

"నేను చూస్తాను. వాడు చేసిన తప్పుకి నేను సంతకం పెట్టాలా?"

"పంతాలకి పోతే పుస్తకం పోతుందే" అంది అక్క. "మీ బావని చూడు. పెళ్ళయినప్పటినుంచీ చెయ్యని తప్పులు ఎన్ని ఒప్పుకున్నాడు! ఏమైనా అరిగిపోయాడా?"

"కొంచెం అరిగాను" అన్నాడు బావ.

నేను నవ్వలేదు. పెట్టనంటే పెట్టనన్నాను. నా పుస్తకంలో తప్పు లేదు. లేని తప్పుని దిద్దానని రాస్తే, ఆ పన్నెండు కాలర్లూ నావేనని నా చేతులతో నేను రాసిచ్చినట్టే.

గురువారం మేడం ఫోన్ చేసింది. "రేపు ఒకసారి కేంద్రానికి రండి. మీ అసలు ఈ-బుక్ నుంచి కాలర్ పేజీ ప్రింటు తీసి తీసుకురండి. ఆ దొంగ కాలర్ పక్కన పెట్టి చూద్దాం. తేడా కనబడితే మీది అసలని పిల్లల ముందే ఒప్పుకుంటాను."

ఇంతకంటే ఏం కావాలి? శుక్రవారం పొద్దున ప్రెస్సు తలుపు తీసేసరికే నేను గుమ్మంలో ఉన్నాను. మేడం వదిలేసి వెళ్ళిన పన్నెండు చొక్కాల్లో ఒకదాని కాలర్ విప్పి వెంట తెచ్చాను. పెద్ద మిషన్ ఇంకా వేడెక్కలేదని, బావ బల్ల మీదున్న చిన్న ప్రింటరులో పేజీ తీసిచ్చాడు. కాలర్ ముక్క కత్తిరించి అలవాటుగా టేపు పెట్టాను. మడత మీద వేసే సగం ముక్క అది, ఏడూ ముప్పావు రావాలి.

ఏడు వచ్చింది.

"మీ ప్రింటరు పాడైంది బావా."

మళ్ళీ తీశాడు. మళ్ళీ ఏడే. మేడం గారి పిల్లలు కుట్టిన కాలర్‌ని సగానికి మడిచి, దాని మీద ఆ కాగితాన్ని పరిచాను. కుట్టులోకి పోయే గుడ్డ వదిలేస్తే, అంచుకి అంచు, మూలకి మూల సరిగ్గా కూర్చుంది. నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది నాకు.

బావ మెల్లగా అన్నాడు. "మన పేజీ పెద్దది కదా. మామూలు కాగితం పెడితే, పట్టడం కోసం ప్రింటరే కుదించేస్తుంది. దానంతటదే."

"అంటే వాడు కుదించలేదా?"

"లేదు. ఎవరింట్లో తీసినా ఇంతే వస్తుంది. వాడి పుస్తకమైనా, మన పుస్తకమైనా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నేనెప్పుడూ పెద్ద కాగితం మీదే తీస్తాను మరదలా. నాకు తట్టలేదు."

నాకు మాత్రం తట్టిందా? ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా టేపు పెట్టకుండా కత్తెర పట్టలేదు నేను. లోకంలో ఎవరైనా అలా పడతారని ఊహించలేదు. అచ్చు పుస్తకం తీసుకుని మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా తిరగేశాను. బట్ట ఎలా తడపాలో రాశాను, సుద్ద ఎలా చెక్కాలో రాశాను. 'ఈ బొమ్మని కొలిచి చూసుకున్నాకే కత్తిరించండి' అన్న ఒక్క ముక్క ఎక్కడా రాయలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసమని రాసిన పుస్తకంలో, కొత్తవాళ్ళకి తెలియని మొదటి సంగతే లేదు.

ఆ ప్రొఫెసర్ దొంగ, అందులో సందేహం లేదు. కానీ వాడు ఏదీ మార్చలేదు. ఉన్నదున్నట్టు ఎత్తుకుపోయాడు, నా తప్పుతో సహా. నేనేమో నలభై మూడు మందికి వాడే చెడగొట్టాడని చాటింపు వేశాను. సిగ్గేసింది. నా దుకాణంలో ఇంతమంది చొక్కాలు విప్పినా, నాకు అంత సిగ్గు ఎన్నడూ వేయలేదు.

బావ నా మొహం చూసి, పెద్ద మిషన్ దగ్గరికి వెళ్ళి, పెద్ద కాగితం మీద అదే పేజీ తీసుకొచ్చాడు. టేపు పెట్టాడు. ఏడూ ముప్పావు.

"ఇది పట్టుకెళ్ళు. మన ఈ-బుక్ లోంచే తీశాను, అబద్ధం కూడా కాదు. దాని పక్కన ఆవిడ కాలర్ పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ చిన్నది మనిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు."

తీసుకున్నాను. చిన్న కాగితం కూడా మడిచి సంచీలో పెట్టుకున్నాను. బావ నా వంక చూసి స్కూటర్ తీశాడు. పెద్ద కాగితం ఒక్కటే తీస్తే చాలు, మధ్యాహ్నానికల్లా నేను గెలిచినట్టే. ఆ మాట దారంతా నాలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో చెప్పను.

కేంద్రంలో పొడుగు బల్ల చుట్టూ పన్నెండుమంది పిల్లలు నిలబడి ఉన్నారు. పిల్లలంటే పిల్లలు కాదు, కొందరికి నా వయసే. వాళ్ళందరూ నా చేతులకేసి చూస్తున్నారు. చివర్న ఒకామె తను కుట్టిన ఇంకో చొక్కాని రెండు చేతులతో పొట్టకి అదుముకుని నిలబడింది. కాలర్ పట్టక లాగి లాగి కుట్టిన కుచ్చులు కనబడకుండా దాచుకుంటోంది. తను సరిగ్గా కుట్టలేకపోయానని అనుకుంటోంది పాపం.

"తెచ్చారా?" అంది మేడం.

పెద్ద కాగితం బల్ల మీద పెట్టాను. దాని పక్కన చిన్న కాగితం పెట్టాను.

"రెండూ నా పుస్తకంలోవే" అన్నాను. "ఇది పెద్ద కాగితం మీద తీసింది, ఇది మామూలు కాగితం మీద తీసింది. మామూలు కాగితం మీద తీస్తే బొమ్మ చిన్నదైపోతుంది. దొంగ పుస్తకమైనా అంతే, నా పుస్తకమైనా అంతే. వాడు కుదించాడని మీ అందరికీ చెప్పాను. తప్పు. కొలిచి చూసుకోమని నేనే రాయలేదు. మీరు కుట్టింది సరిగ్గానే ఉందమ్మా. మీ బట్ట చెడగొట్టింది నేను."

బావ గొంతు సవరించుకున్నాడు. ఆ చివరామె చొక్కాని పొట్ట మీదనుంచి తీసి బల్ల మీద పరిచింది.

నేను సుద్ద తీసుకుని చిన్న కాగితం మూల ఒక గీత గీశాను. "ఇకనుంచి ప్రతి పేజీలో ఈ గీత ఉంటుంది. కింద 'రెండంగుళాలు' అని రాసుంటుంది. ముందు దీని మీద టేపు పెట్టండి. రెండు రాకపోతే కత్తెర ముట్టుకోవద్దు. ఈ సాయంత్రానికి నేను దిద్దేస్తాను. కొన్న నలభై మూడు మందికీ నేనే ఫోన్ చేసి చెప్తాను."

మేడం చిన్న కాగితాన్ని తీసి అటూ ఇటూ తిప్పింది. "ఇది నాకు చూపించకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"ఆ ప్రొఫెసర్‌కి నేను నాలుగు ఉత్తరాలు రాశాను, కాలర్ ఎందుకు పట్టడం లేదో చెప్పమని. పోతే పోనీ అనుకున్నట్టున్నాడు, ఒక్క జవాబు రాలేదు." కాగితం బల్ల మీద పెట్టి, అరచేత్తో సాపు చేసింది. "నెల్లాళ్ళుగా మీరు తప్పు లేదు, తప్పు లేదు అంటుంటే నాకు నమ్మకం కుదర్లేదు. ఇప్పుడు కుదిరింది. పుస్తకం మీదే."

కాలరమ్మకి మాట పెగలకపోవడం మా బావ మొదటిసారి చూశాడు. ఆ మాట మా అక్కకి ఇప్పటికి వందసార్లు చెప్పుంటాడు.

కేంద్రంలో ఉన్న కంప్యూటరులోనే ఫారం తెరిచారు. బావ అలవాటుగా ముందుకి వంగాడు. నేను ఆయన చెయ్యి పక్కకి తోసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తప్పు ఎవరిదో, ఏమిటో, ఎలా దిద్దుతున్నానో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాను. గడిలో టిక్కు నేనే పెట్టాను.